గురువు నెన్నుకొను హక్కు

ఏటేట తొలకరి చినుకులు పడునప్పటికి మన కోనసీమ యువకులలో కొందరు తెలుగు ఎం.ఏ. ముగించుకొని, సగము వ్రాసిన నవలయో, కథల సంపుటమో, పద్యకావ్యమో సంచిలో నుంచుకొని, పరిశోధన పట్టమునకై రాజమహేంద్రవరమునకు గాని విశాఖపట్టణమునకు గాని బయలుదేరుచుందురు. ఏ విషయముపై పరిశోధన చేయుదువని యడిగినచో వారినుండి యేదో యొక యుత్తరము దొరకును. ఎవరియొద్ద చేయుదువని యడిగినచో మాత్రము, "ఎవరియొద్ద ఖాళీ యున్నదో చూడవలె" నను మాట వచ్చును. ఈ రెండవ యుత్తరమును గూర్చియే మేము నేడు నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

ఖాళీ యను మాట అద్దె యిండ్లకు జెల్లును. బస్సులలోని బల్లలకును జెల్లును. ఒక యువకుడు తన జీవితములో మూడు మొదలు ఆరు సంవత్సరముల కాలము ఎవని తీర్పునకు లోబడి వ్రాయవలెనో, అట్టి మనుష్యుని విషయమున ఈ మాట వాడుట మాకు చెవికి ముల్లువలె తోచుచున్నది. విద్యార్థులది తప్పని మేమనము. విశ్వవిద్యాలయముల ధననియోగ సంఘము, అనగా యు.జి.సి.వారు, 2022వ సంవత్సరమున చేసిన నిబంధనల ప్రకారము ప్రొఫెసరు ఎనమండ్రకు, అసోసియేట్ ప్రొఫెసరు ఆరుగురకు, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురకు మించి పరిశోధకులను ఉంచుకొనరాదు. ఉద్యోగ విరమణకు మూడేండ్లు మిగులని వారు క్రొత్త శిష్యుని చేర్చుకొనరాదు. ఈ కట్టుబాట్లు మంచివే. ఒక్కొక్కరు ముప్పదిమందిని చేర్చుకొని ముప్పది గ్రంథములును చదువకయే సంతకములు చేయుటకంటె ఇది వేయిరెట్లు మేలు. కాని లెక్క కుదిరినంత మాత్రమున జత కుదిరినట్లు కాదు. శాఖవారు కాగితముపై పేర్లు పంచుచున్నారు. విద్యార్థి వచ్చిన పేరును కన్నుల కద్దుకొని యింటికి వచ్చుచున్నాడు.

పంపకమునకు ముందు ఏమి జరుగుచున్నదో మన చదువరులకు మేము చెప్పవలసిన పని లేదు. మేనమామకు దెలిసినవారి పేరొకటి వినబడును. "ఆయన మనవాడే" యను మాట యొకటి వీధి యరుగుమీద పుట్టి పెద్దల యుత్తరముగా మారి విశ్వవిద్యాలయము గడప దాటును. మనవాడనగా నేమి యర్థమో కోనసీమలో పసిబాలునకు గూడ దెలియును. ఆ తరువాత రావులపాలెపు అరటిగెలలు, ఆత్రేయపురపు పూతరేకుల పెట్టెలు, అంబాజీపేట కొబ్బరికాయల బస్తాలు యథాశక్తిగా ప్రయాణము చేయుచుండును. పూతరేకులపై మాకు ద్వేషము లేదు. అవి సిద్ధాంతగ్రంథములో నొక ప్రకరణముగా లెక్కకు వచ్చుచున్నవేమో యను ననుమానము మాత్రము కలదు. కులము చూచి గురువును వెదకిన శిష్యుడు, కులము చూచి శిష్యుని గైకొన్న గురువు, ఇరువురును కలిసి యొక గ్రంథము వ్రాసినచో, అందు సత్యమును చెప్పవలసిన చోట ఎవరి కలము నిలిచిపోవునో వేరుగ వ్రాయ నక్కరలేదు.

పూర్వకాలమున నిట్లుండెడిది గాదని కొందరు పెద్దలు నిట్టూర్చుచుందురు. కొంత నిజము, కొంత కాదు. గౌతమీ వసిష్ఠల నడుమ నున్న మన యగ్రహారములలో, వ్యాఘ్రేశ్వరము, నేదునూరు మొదలగు నూళ్లలో, వేదపాఠము చెప్పిన ఘనపాఠులు శిష్యుని యింట నుంచుకొని యన్నము పెట్టి యేండ్ల తరబడి విద్య గరపిరి. అమెరికా పండితుడు డేవిడ్ నైప్ వారి జీవితములపై వ్రాసిన గ్రంథము 2015లో వెలువడినది. ఆ శ్రద్ధకు మేము శిరసు వంచుచున్నాము. కాని ఆ యరుగులపై కూర్చుండుటకు పుట్టుక యడ్డు వచ్చినవా రెందరు? 1911లో రాజోలు ప్రాంతపు మామిడికుదురులో జన్మించిన బోయి భీమన్నగారి వంటి వారికి ఆ పాఠము చెవిని బడు మార్గమే లేదు. ఆ భీమన్నగారే "పాలేరు" నాటకము వ్రాసి, "గుడిసెలు కాలిపోతున్నయి" యను కావ్యమునకు 1975లో సాహిత్య అకాడమీ పురస్కారము నందిరి. గురుకులపు తలుపు మూసియుండినను కవి పుట్టెనని సంతోషింపవచ్చును. ఆ తలుపు మూసియుండుటచే పుట్టకపోయిన కవులెందరో ఏ జాబితాలోను ఉండరు.

తెలుగునాట గురుశిష్యుల కథలలో మాకు మిక్కిలి పనికివచ్చునది తిరుపతి వేంకట కవులది. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును కడియెద్దలో చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారియొద్ద సహాధ్యాయులు. ఆ గురువుగారు చెప్పినది వ్యాకరణము. శతావధానము చేయుమని గాని, నాటకములు వ్రాయుమని గాని వారు చెప్పలేదు. భాషకు పునాది వేసి తక్కిన యిల్లు కట్టుకొనుటకు శిష్యులను విడిచిపెట్టిరి. తరువాత చెళ్లపిళ్లవారు బందరు హిందూ హైస్కూలులో తెలుగు పండితులైనప్పుడు వారియొద్ద చదివినవారిలో విశ్వనాథ సత్యనారాయణగారు, పింగళి లక్ష్మీకాంతముగారు, కాటూరి వేంకటేశ్వరరావుగారు ఉండిరి. గురువు పద్యము నీళ్లవలె పారును. విశ్వనాథవారి పద్యము రాతిని దొలిచినట్లుండును. గురువు నడకను శిష్యుడనుకరింపలేదు. గురువును అనుకరింపుమని కోరలేదు. 1970వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము "శ్రీమద్రామాయణ కల్పవృక్షము"నకు వచ్చినది. అది చెళ్లపిళ్లవారి శైలికి నకలు కాకుండుటయే ఆ గురువునకు గొప్ప కీర్తి యని మా యభిప్రాయము.

ఇక నీ విషయమున నొక విచిత్రము చూడుడు. 2022 నాటి నిబంధనల ననుసరించి పర్యవేక్షకుడు కావలెనన్నచో తానును పీహెచ్.డీ. పట్టము గలిగి యుండవలెను. ప్రొఫెసరైనచో విద్వత్పత్రికలలో ఐదు వ్యాసములు, అసిస్టెంట్ ప్రొఫెసరైనచో మూడు వ్యాసములు ప్రకటించి యుండవలెను. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు నేడు వచ్చి మీ కుర్రవానికి నేను మార్గము చూపెదనని యనినచో, గుమాస్తా వారిని బయటి బల్లమీద కూర్చుండబెట్టి దరఖాస్తులోని గళ్లు చూపును. 1949లో మదరాసు ప్రభుత్వము వారిని ఆస్థానకవిగా గౌరవించిన సంగతి ఆ గళ్లలో దేనికిని సరిపోదు.

విమర్శ గ్రంథమునకు ఈ నిబంధన కొంతవరకు సమంజసమే. పాఠ నిర్ణయము, శాసనములు, భాషాచరిత్ర మొదలగు విషయములలో శిక్షణ పొందినవాడే శిక్షణ నీయగలడు. చిక్కెక్కడ వచ్చుచున్నదనగా, మన విద్యార్థుల సంచులలో నున్నది విమర్శ గాదు, రచన. మన తెలుగు శాఖలలో పట్టము వ్రాతను గూర్చి వ్రాసినవారికి వచ్చుట వాడుకయే గాని వ్రాసినవారికి వచ్చుట వాడుక గాదు. లంకలలో పుట్టిన విద్యార్థి నొకని నూహించుకొందము. ఏటికోతలో తాతనాటి కొబ్బరితోట గౌతమి పాలైన సంగతిని నవలగా వ్రాయుచున్నాడు. అతడు విశ్వవిద్యాలయమునకు వెళ్లినచో, ఆ నవల నటుంచి "ఆధునికాంధ్ర నవలలలో నదీవర్ణనములు" అను విషయమును గైకొనుమని సలహా వచ్చును. అయిదేండ్లు గడచును. పట్టము చేతికి వచ్చునప్పటికి నవల యెండిపోవును. ఏరు మాత్రము కోయుచునే యుండును.

రచననే సిద్ధాంతగ్రంథముగా స్వీకరించుట లోకమున వినని వింత గాదు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయము కావ్యములను, కథలను ఉన్నతపట్టములకు గ్రంథములుగా గైకొందుమని 1922లోనే ప్రకటించెను. 1936లో అక్కడ రచయితల శిక్షణాలయ మేర్పడెను. ఇంగ్లండున ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయమున మాల్కం బ్రాడ్‌బరీ, ఆంగస్ విల్సన్ అను నవలాకారులు 1970లో ఇట్టి తరగతి తెరచిరి; మొదటి శిష్యుడు ఇయన్ మెకీవన్. గురువులు స్వయముగా నవలలు వ్రాయువారు, శిష్యుడు వ్రాయుటకు వచ్చినవాడు, జత కుదిరెను.

అయోవా చరిత్రలో మాకు నచ్చిన సంగతి యొకటి కలదు. 1945లో ఫ్లానరీ ఓకానర్ అను యువతి, దక్షిణ రాష్ట్రమగు జార్జియానుండి వచ్చి, శిక్షణాలయ మధ్యక్షుడగు పాల్ ఎంగిల్ గదిలో ప్రవేశించి మాటలాడెను. ఆమె యాస ఆయనకు బొత్తిగా బోధపడలేదు. ఆయన నవ్వలేదు, పొమ్మనలేదు, కాగితమిచ్చి వ్రాసి చూపుమనెను. తరువాత ఆమె కథలు చదివి చేర్చుకొనెను. 1947లో ఆమె ఆరు కథల సంపుటమును సిద్ధాంతగ్రంథముగా సమర్పించి పట్టము బొందెను. అటుపిమ్మట ఆమె తొలి నవలను చూచిన యొక ప్రచురణ సంస్థ సంపాదకుడు దానిని మామూలు దారిలో పెట్టజూడగా, ఆమె యొప్పుకొనక వేరొక ప్రచురణకర్తను వెదకుకొనెను. కరోలిన్ గార్డన్ అను నవలాకారిణి వ్రాతప్రతిని శ్రద్ధగా చదివి సుదీర్ఘమైన లేఖలు వ్రాసినప్పుడు మాత్రము వినయముతో దిద్దుకొనెను. 1952లో వెలువడిన "వైజ్ బ్లడ్" ఆ నవలయే. ఒకరి సలహాను ద్రోసిపుచ్చి మరియొకరి సలహాను గైకొనుట అహంకారము గాదు. తన వ్రాతను ఎవరు నిజముగా చదివిరో గుర్తించుట యది.

మా మాట యింతయే. గురువును వెదకు విద్యార్థి, ఆయన తానేమి వ్రాసెనని యడుగుటకు ముందు, ఇతరుల వ్రాతను ఎట్లు చదువునని యడుగవలెను. మహాకవి యగువాడు చెడ్డ పాఠకుడు కావచ్చును. ఒక పద్యమైనను వ్రాయని యధ్యాపకుడు, నీ కథలో పదునేడవ పుటలో నీవు తప్పించుకొన్న చోటును వ్రేలు పెట్టి చూపవచ్చును. అట్టివానియొద్దకు బొమ్ము. మొగమాటము విడిచి, పది పుటలు చేతికిచ్చి, చదివి చెప్పుడని వేడుము. నెల గడచినను పుటలు నలుగకయున్నచో నీకు సమాధానము వచ్చినట్లే. "బాగున్నది, ఇంకను బాగుగ వ్రాయవలె" నను వాక్యము మాత్రమే దొరకినచో నదియు సమాధానమే. అంచున పెన్సిలు గుర్తులు, ప్రశ్నలు, కొట్టివేతలు ఉన్నచో, కోపము వచ్చినను సరే, ఆ మనుష్యుని విడువకుము.

దీనికి మరియొక సాధనము నేడు ఉచితముగ లభించుచున్నది. గాంధీనగరమునందలి ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థవారు దేశములోని సిద్ధాంతగ్రంథములను "శోధగంగ" యను భాండారమున చేర్చి యందరకు తెరచియుంచిరి. ప్రతి గ్రంథముపై పర్యవేక్షకుని పేరుండును. ఒక ఆచార్యుని శిష్యులు వ్రాసిన గ్రంథములు నాలుగు తెరచి విషయసూచికలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. కవి జీవితము, రచనల పరిచయము, పాత్రచిత్రణము, వర్ణనలు, ఉపసంహారము అని నాలుగింటను నొకే నిచ్చెన కనబడినచో, నిచ్చెన గురువుది, ఎక్కినవారు మారిరని తెలియును. నాలుగును నాలుగు తీరులుగ నున్నచో, ఆయన శిష్యుని మొగము చూచి మాటలాడువాడని యూహింపవచ్చును. అరగంటలో తేలు ఈ సంగతిని విచారింపక, ఆయన బిరుదములు ఎన్ని, శాలువలు ఎన్ని యని లెక్కించుట మన యలవాటు.

భాష సంగతియు ముందుగనే తేల్చుకొనవలెను. మన ముక్తేశ్వరమున జన్మించిన జయంతి రామయ్యపంతులుగారు 1911లో ఆంధ్రసాహిత్య పరిషత్తును స్థాపించి గ్రాంథికమునకు కోటగోడగ నిలిచిరి. గిడుగు రామమూర్తిపంతులుగారు వాడుకభాష పక్షమున పోరాడిరి. ఆ వివాదమంతయు బడిపిల్లలు తమ వ్యాసములను ఏ భాషలో వ్రాయవలెనను ప్రశ్నచుట్టు తిరిగినదే. పిల్లల నడిగినవారు మాత్రము లేరు. గ్రాంథికమున వ్రాయుచున్న మేము ఈ మాట యనుట వింతగా దోచిన దోచుగాక: రాజోలు రైతు నవలలో రాజోలు రైతువలెనే మాటలాడవలెను. ఆ మాటలను ప్రామాణికము చేయుమని మూడవ యేట కోరు గురువు, మొదటి దినముననే తన నియమము చెప్పియుండిన నెంత మేలు! అడుగవలసిన బాధ్యత శిష్యునిది.

స్త్రీ విద్యార్థినుల విషయము వేరుగ చెప్పక తప్పదు. ఇదే నిబంధనలలో వారికి గడువు మరి రెండేండ్లు పెంచుటకును, ప్రసూతికి శిశుపోషణకు 240 దినముల వరకు సెలవిచ్చుటకును వీలు కల్పింపబడినది. చట్టము ఇచ్చిన సెలవును గురువు మొగము చిట్లించి యిచ్చినచో నది సెలవు గాదు. అమలాపురమునుండి బయలుదేరి పోయిన యువతిని గురువు ఏ వేళకు రమ్మనును, ఎక్కడ కూర్చుండుమనును, ఆమె వ్రాతను గూర్చి మాటలాడునా ఆమె పెండ్లిని గూర్చి మాటలాడునా యనునది ముందుగ పూర్వవిద్యార్థినుల నడిగి తెలిసికొనవలెను. ఇట్టి విచారణ గురువుల యెడ నపచారమని కొందరందురు. కొబ్బరితోట కౌలునకు తీసికొనువాడు తోటలో నడచి చూడడా? మూడేండ్ల కౌలునకే యంత విచారించువారము, ఆరేండ్ల విద్యకు విచారింపరాదా?

అమలాపురమున 1951లో కోనసీమ భానోజీ రామర్స్ కళాశాల వెలసిన పిదప, కళాశాల చదువునకై పంటు మీద నేరు దాటక తప్పదను కాలము పోయెను. 2006లో రాజమహేంద్రవరమున ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయ మేర్పడి, అంతవరకు విశాఖ చూచుచుండిన మన కళాశాలలను చేరువకు దెచ్చెను. నన్నయ పేరు పెట్టుకొన్న విద్యాపీఠము కావ్యరచనను పట్టమునకు యోగ్యమైన శ్రమగా గుర్తించుటలో ముందు నడచుట న్యాయము. ఎం.ఏ. చివరి యేట నొక కథాసంపుటమునో ఖండకావ్యమునో, రచయిత తన మార్గమును వివరించు పీఠికతో గూడ, సిద్ధాంతగ్రంథమునకు మారుగా సమర్పింపనిచ్చిన చాలును, పీహెచ్.డీ. సంగతి తరువాత చూడవచ్చును. ఇద్దరు గురువులుండవలెను, ఒకరు శాఖలోని యధ్యాపకుడు, రెండవవారు బయటి రచయిత. పరిశోధనకు సహ పర్యవేక్షకులను ఇతర శాఖలనుండి, ఇతర సంస్థలనుండి తీసికొనుటకు 2022 నిబంధనలే యొప్పుకొనుచున్నవి. పట్టము లేని నిపుణులను "ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్" అను పేర మూడేండ్ల వరకు, తప్పనిసరియైన నాల్గవయేటి వరకు నియమించుకొనవచ్చునని యు.జి.సి.వారు అదే సంవత్సరమున మార్గసూచనలు చేసిరి. సాహిత్యమును ఆ జాబితాలో పేర్కొనిరి కూడను. ఇంజనీరింగు కళాశాలలు ఈ వీలును ఆనందముతో వాడుకొనుచుండ తెలుగు శాఖలు తమకు గాదన్నట్లుండుట యెందులకు?

కథలను పరీక్షించుట యెట్లని కొందరు శంకింతురు. పరీక్షకులు నేడు విమర్శగ్రంథములను పరీక్షించుచున్నట్లే, చదివి. పట్టములు చౌకయగునని మరికొందరు భయపడుదురు. ఒకే నిచ్చెనపై ఎక్కిన నూరు గ్రంథములను చూచిన పిదప, చౌకతనమునకు నవల వచ్చి క్రొత్తగా దారి తీయునని మేము నమ్మలేము. నిజముగ భయపడవలసినది వేరొకటి కలదు. రచయిత గురువైనప్పుడు శిష్యులందరు ఆయన గొంతుతోనే కూయు ప్రమాదమున్నది. అందుచేతనే ఇద్దరు కావలెననుచున్నాము. అందుచేతనే గురువును మార్చుకొను హక్కు, కారణము వ్రాసియిచ్చి, మొదటి సంవత్సరాంతమున, ఎవరి కోపమునకును గురికాకుండ విద్యార్థికి ఉండవలెననుచున్నాము. ఈ హక్కు కాగితముపై నున్న చాలదు. శిష్యుడు మారినందువలన క్రొత్త గురువునకు పాతవారితో వైరము రాకుండ చూచుట శాఖాధ్యక్షుని పని.

విశ్వవిద్యాలయమువారు ఎప్పుడు మేల్కొందురో చెప్పజాలము. అంతవరకు చేయదగిన పని యొకటి మన చేతిలోనే యున్నది. అమలాపురము, రాజోలు, కొత్తపేట గ్రంథాలయముల కార్యనిర్వాహకులను మేము కోరునది, సాయంకాలము ఒక గంటసేపు ఒక కంప్యూటరును, ఒక బల్లను పరిశోధనకు పోదలచిన పిల్లలకు విడిచి, శోధగంగ తెరచి చూపుడని. ఆ బల్ల చెంత, ఇదివరకే పట్టము బొందిన స్థానికుడొకడు వారమునకొకమారు వచ్చి కూర్చుండి, తన గురువు తన వ్రాతప్రతిని తిరిగి యిచ్చినప్పుడు అంచులలో ఏమున్నదో దాచక చూపవలెను. దరఖాస్తుల గడువు రాకముందే ఈ పని మొదలుపెట్టిన మంచిది.